పల్లానికి దిగిన పొగ

నిప్పు లేనిదే పొగ రాదని సామెత. నిప్పు భగభగ మండుతూ పొగ మాత్రం రాకపోతే ఏమనుకోవాలో పెద్దలెవరూ చెప్పిపోలేదు. చెప్పి ఉంటే వాగొడ్డు కాలనీ జనం ఆ చలికాలం మంచాలు ఆరుబయట వేసుకునేవాళ్లు కాదు. గజ్జెల్లి బానయ్య ఈపాటికి నిక్షేపంగా బతికి, పొద్దున్నే బీడీ ముట్టించుకుని పెళ్లాంతో తిట్లు తింటూ ఉండేవాడు.

వాగొడ్డు కాలనీ ఎవరూ కోరి కట్టుకున్న ఊరు కాదు. గుండ్లవాగు థర్మల్ కేంద్రం కట్టినప్పుడు భూములు పోయినవాళ్లకు సర్కారు చూపించిన జాగా. మిట్ట మీద ఆఫీసర్ల క్వార్టర్లు, పార్కు, క్లబ్బు. పల్లంలో, వాగు పక్కన, వీళ్లు. నీళ్లు ఎటు పారతాయో వీళ్లనూ అటే తోలారు. ఇక్కడ పుట్టిన కరెంటు ఎక్కడెక్కడి నగరాలకో పోతుంది, బూడిద మాత్రం ఎక్కడికీ పోదు. ఆరేసిన చీర సాయంత్రానికి నల్లబడాల్సిందే. ఒక తరానికి తరం వడియాలు ఎండబెట్టుకోకుండా, డాబా మీద పడుకోకుండా, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ముసలిదైపోయింది. దాన్ని సర్కారు అభివృద్ధి అంది, వీళ్లు సరే అన్నారు, ఏం చేస్తారు మరి!

జాడి విమల ఆ కాలనీ పిల్లే. తల్లి చిన్నప్పుడే పోతే అక్క రాజుబాయి, బావ బానయ్య పెంచి పెద్ద చేశారు. బానయ్య బూడిద నీళ్ల గొట్టాల దగ్గర కాంట్రాక్టు కూలీ. మరదలు లెక్కల్లో ముందుందని తెలిసినప్పటి నుంచి ఆమెను చేలోకి గానీ కూలికి గానీ పంపలేదు. "మా మరదలు ఇంజనీరు గావాలె, ఆ చిమ్నీకి మూత వెట్టాలె" అని కల్లు దుకాణంలో అందరికీ చెప్పేవాడు. జనం నవ్వేవాళ్లు.

ఆమె ఇంజనీరే అయింది. అంతకు మించే అయింది. హైదరాబాదులో ఒక పరిశోధన కేంద్రంలో చేరింది. అక్కడ అందరూ సౌరశక్తి, గాలిమరలు అని పరుగెడుతుంటే ఆమె మాత్రం బొగ్గును పట్టుకుని వేళ్లాడింది. "ఇంకా బొగ్గేమిటండీ, పాత చింతకాయ పచ్చడి" అని వెక్కిరించినవాళ్లకు ఆమె ఒకటే చెప్పేది: బొగ్గు రేపటికి రేపు ఆగదు. ఆగేదాకా మావాళ్లు ఆ బూడిదలోనే బతకాలి. ఒక యూనిట్ కరెంటుకు కాలే బొగ్గు తగ్గితే, వాళ్ల మీద పడే బూడిదా అంతే తగ్గుతుంది.

తాతల కాలం నాటి బాయిలర్లలో వంద పాళ్లు వేడి పుడితే కరెంటుగా మారేది ముప్పై పాళ్లే. మిగతాదంతా నీళ్లలోకి, గాలిలోకి వృథా. తర్వాత ఆవిరి వేడి పెంచారు, ఒత్తిడి పెంచారు, దాన్ని తట్టుకునే గొట్టాలు కనిపెట్టారు. ముప్పై ఐదు, ముప్పై ఎనిమిది, నలభై రెండు. ఒక్కో పాయింటు ఎక్కడానికి ఒక్కో తరం ఇంజనీర్లు తల నెరిపించుకున్నారు. నలభై ఆరు దగ్గర అందరూ ఆగిపోయారు.

విమల చేసిందల్లా పారేసే వేడి వెంట పడటం. ఉల్లిపొర కంటే పలచని ఒక పొర తయారు చేసింది. దాన్ని పొగ వెళ్లే దారి పొడుగునా లోపలివైపు అతికిస్తే, పొగలోని చివరి వెచ్చదనాన్ని కూడా పీల్చి కరెంటుగా మార్చేస్తుంది. లోపలి తేమ నీరై కిందికి కారిపోతుంది. పైకి వచ్చేది రంగులేని, బయటి గాలికన్నా చల్లని వాయువు. ప్లాంటు కూలీలు దానికి చలవపొర అని పేరు పెట్టారు.

ప్రయోగశాలలో గాజుతో చేసిన చిన్న చిమ్నీ లోపల మొదటిసారి ఆ పొర అతికించిన రోజు, గాలి కదలిక కనిపించడానికి విమల అగరొత్తి పొగ కలిపింది. పొగ గాజు గొట్టం పైదాకా వచ్చింది, మూతి దగ్గర కాసేపు తడబడింది. ఆ తర్వాత పొంగిన పాలు గిన్నె అంచు మీంచి జారినట్టు కిందికి జారింది. బల్ల మీద పరుచుకుని, అంచు దాకా పాకి, నేల మీదికి దిగింది. కింద ఇంకో పనికోసం వెలిగించి పెట్టిన కొవ్వొత్తి టప్పున ఆరిపోయింది.

చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు, మీటరులో అంకె చూసి. విమల మాత్రం కొవ్వొత్తిని చూసింది. మళ్లీ వెలిగించింది, మళ్లీ ఆరింది. వేడి పొగకు పైకి లేచే గుణం ఉంటుంది, చల్లబడితే అది బరువెక్కి పల్లం వెతుక్కుంటుంది. పైగా అందులో ప్రాణవాయువు లేదు, బాయిలరు ఎప్పుడో తినేసింది. ఈ వాయువు కిందికి దిగితే దీపమే కాదు, మనిషీ ఆరిపోతాడు.

అందుకే ఆమె ఒక షరతు పెట్టింది. చిమ్నీ అడుగున పెద్ద ఫ్యాను ఉండాలి, అది ఆ వాయువును బలంగా మేఘాల్లోకి విసిరికొట్టాలి. చలవపొర పనిచేసినంతసేపూ ఆ ఫ్యాను ఆగకూడదు.

ఆ పొరను మొదట అతికించబోయే గుండ్లవాగు ప్లాంటు చీఫ్ ఇంజనీరు మురహరి ఆ మాట విని మొహం మాడ్చాడు. "మేడమ్, మీ పొర తెచ్చే ఎనిమిది పాళ్లలో రెండు పాళ్లు మీ ఫ్యానే మింగేస్తే ఎలాగండీ? దొంగకు తాళం చెవి ఇచ్చినట్టుంది" అన్నాడు.

"ఫ్యాను లేకపోతే పొరా లేదు సార్" అంది విమల.

"అయ్యో, పెడతాం మేడమ్. మీరు చెప్పాక కాదంటామా!"

పెట్టారు. ఏనుగంత ఫ్యాను. ప్రారంభోత్సవం రోజు అది గుయ్యిమని మోగుతుంటే పక్క మనిషి మాట వినిపించలేదు. ప్లాంటు గేటు మీది బోర్డులో సామర్థ్యం యాభై రెండు అని ఎర్రటి అంకెలు వెలిగాయి. అందరూ తలలెత్తి చూశారు. ఆకాశం ఆకాశంలా ఉంది. చిమ్నీ మూతి మీద గీత కూడా లేదు.

ఆ వారంలోనే బానయ్య ఫోను చేశాడు. "మరదలా, మూత వెట్టినవ్ పో! చిమ్నీ నోరు మూసుకున్నది. ఏం జేసిన్నో ఎర్కనా? నులకమంచం బయటేసిన, వాగు పక్కకు, అందరికన్న కింద. మీ అక్క చలి చలి అని లొల్లి వెడ్తున్నది. నేనైతే సుక్కలు జూసుకుంట పండుకుంటున్న."

"చలికాలం బావా, దగ్గు ఎక్కువైతది."

"పోనియ్ తియ్! చిన్నప్పుడు మా ఊళ్లె పండుకున్నట్టు పండుకుంటున్న. ఇగ కాలనీవోళ్లంత నన్ను జూసి మంచాలు బయటకే గుంజిన్రు. కోళ్ల గూళ్లు, పిండి ఆరవెట్టుడు, అన్ని బయటనే. జాతర లెక్కున్నది."

ఆ నవ్వు విన్న విమల ఆఫీసులో తలుపేసుకుని ఆనందంతో ఏడ్చింది. పాపం, ఏడవదా మరి! ఆ ఒక్క మాట కోసమే కదా ఇన్నేళ్లు ఒళ్లు హూనం చేసుకుని పనిచేసింది.

తర్వాత నెల ఆమె ఢిల్లీలో ఉండగా బానయ్య పోయాడని కబురొచ్చింది. పొద్దున లేపితే లేవలేదట. మంచం మీదే, నిద్రలోనే, మొహంలో ఏ బాధా లేకుండా. ప్లాంటు ఆసుపత్రి డాక్టరు గుండెపోటు అన్నాడు. పల్లంలో ఉండే కూలీవాడు చస్తే గుండెపోటే, వేరే రోగం రాసే ఓపిక ఎవరికుంది? ఆ రోజు విమానాలు మంచుకు కదల్లేదు, మర్నాడూ అంతే. మట్టి వేసే వేళకు ఆమె అందుకోలేకపోయింది. మూడో రోజు పొద్దున బస్సు దిగి, ఇంటికి తాళం ఉంటే నేరుగా శవాలను పూడ్చే బొందల గడ్డకు నడిచింది.

బొందల గడ్డ కాలనీకన్నా పల్లం, వాగు ఒడ్డునే. ఆ వెనక బూడిద చెరువు కట్ట గోడలా లేచి ఉంటుంది. ఆ రోజు పిట్టకు పెట్టుడు. కొత్త బొంద మీద దీపం, అగరొత్తులు. ముందు విస్తరాకులో అన్నం, మటను కూర, దొప్పలో కల్లు, పక్కన ఓ బీడీ. చచ్చినవాడికి ఏది ఇష్టమో అన్నీ పెడతారు. కాకో, ఏదో ఒక పిట్టో వచ్చి ముడితే వాడు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో కోరిక మిగిలిందని అర్థం. అప్పుడు అయినవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు వాడికి మాటిస్తారు. ముట్టేదాకా ఎవరూ అక్కడి నుంచి లేవరు. లేస్తే వాడు దిక్కులేకుండా తిరుగుతాడని నమ్మకం.

అందరూ నేల మీద కూర్చుని ఉన్నారు. చలి గడ్డకట్టి ఉంది, ఆకు కదలడం లేదు. రాజుబాయి చెల్లెలిని చూసింది. లేవలేదు.

"వచ్చినవా? పిడికెడు మన్నెయ్యనీకి రాకపోతివి. పిట్టకన్న అందినవ్ తియ్."

విమల దగ్గరికెళ్లి అక్క భుజం మీద చెయ్యి వేసింది. అక్క ఆ చేతిని తీసేసింది. బానయ్య అన్న ఎర్రయ్య గొంతు సవరించుకుని, "నీ పెండ్లాన్ని నేను జూస్త తమ్మీ. నాకు నలుగురు బిడ్డలైతె ఆమె ఐదోది. ముట్టు తమ్మీ" అన్నాడు. పిట్ట రాలేదు. ఇంకొకరు బానయ్య పెంచిన గొర్రెను అమ్మనని మాటిచ్చారు. ఇంకొకరు అతనితో ఇంటి హద్దు గొడవ మరిచిపోయామన్నారు. పిట్ట రాలేదు.

ముసలి లచ్చవ్వ తల పట్టుకుంది. "గీ ఏడాది కాకులే లేవే. పొగ వోయింది, కాకులు వోయినయ్. నా కోళ్లు గూట్లనే సచ్చినయ్, ఎవలి దిష్టో!"

విమల చెవులు నిక్కబొడుచుకున్నాయి. "కోళ్లు ఎప్పుడు పోయినయ్ అవ్వా?"

"బానయ్య వోయిన పొద్దే. మంచాల కింద పండే కుక్కలు గూడ."

ఇంతలో బొంద మీద దీపం ఆరింది. రాజుబాయి అగ్గిపుల్ల గీసి వెలిగించింది. ఆరింది. "మొన్నటి సంది గిదే కత" అంది రాజుబాయి విసుగ్గా. "శవం తలకాడ దీపం నిలువలే. ఆని మనసుల ఏమున్నదో!"

విమల అగరొత్తి వైపు చూసింది. పొగ పైకి లేవడం లేదు. పుల్ల వెంబడి కిందికి జారి, బొంద మట్టి మీద పరుచుకుని, కూర్చున్నవాళ్ల కాళ్ల మధ్యకు పాకుతోంది. అప్పుడు తెలిసింది ఆమెకు, పొద్దుట బస్సు దిగినప్పటి నుంచి ఏదో లోటుగా ఉన్నది ఏమిటో. ఫ్యాను చప్పుడు లేదు. ఆ గుయ్యిమనే మోత ఈ పల్లంలోకి గట్టిగా వినపడాలి.

నాలుగడుగులు పక్కకు వేసి మురహరికి ఫోను కలిపింది.

"ఫ్యాను ఆపారా?"

"మేడమ్! మీకే చేద్దామనుకుంటున్నా. రికార్డు ట్రయల్ నడుస్తోంది, రేపటికి పూర్తవుతుంది. ఫ్యాను లేకుండా యాభై నాలుగు వచ్చేలా ఉంది, ఇంతవరకూ ఎవరికీ రాలేదు. మీ పేరే మోగిపోతుంది."

"ఎన్నాళ్లయింది ఆపి?"

"ఐదారు రోజులు... రాత్రి చలిలో కాస్త కిందికి దిగుతుంది నిజమే. ఎండెక్కితే అదే లేచిపోతుంది కదండీ."

తెలుసు! వాడికి తెలుసు. దిగుతుందని తెలుసు, ఎటు దిగుతుందో తెలుసు, అక్కడ ఎవరుంటారో కూడా తెలుసు. తెలిసే ఆపాడు.

"మా బావ చచ్చిపోయాడు" అంది విమల. "ఇక్కడ పాతికమంది నేల మీద కూర్చున్నారు. ఇప్పుడే ఫ్యాను వెయ్యండి. వెంటనే!"

"అయ్యో, సారీ మేడమ్. ఇప్పుడు వేస్తే ట్రయల్ మొత్తం పోతుంది, చైర్మన్ గారు కంట్రోల్ రూములోనే ఉన్నారు. వాళ్లను ఇళ్లకు పొమ్మనండి, అంతే కదా. సింపుల్."

ఇళ్లు! ఇళ్లు మాత్రం ఎక్కడున్నాయి, మిట్ట మీదా?

ఆమె పరుగున వెనక్కి వచ్చింది. "అక్కా, లేవుండ్రి! అందరు లేవుండ్రి, కట్ట ఎక్కుండ్రి! చిమ్నీ పొగ గీడికి దిగుతున్నది. బావ గుండె ఆగి సావలే, గీ గాలి వీల్చి సచ్చిండు."

"పొగ ఏడున్నదే?" అన్నాడు ఎర్రయ్య చుట్టూ చూసి. "నువ్వే గదా బంద్ జేస్తివి."

"కనవడదు పెద్దబావా! గదే దాని పాపం. నేను జేసిన పొరనే, నాదే తప్పు. తర్వాత తిట్టుండ్రి, ముందు లేవుండ్రి."

"పిట్ట ముట్టనిది ఎట్ల లేస్తరు?" రాజుబాయి గొంతు రాయిలా ఉంది. "చదువుకున్నవని పిట్టకు గూడ లెక్క జెప్తవా? బావకు నువ్వింక మాటియ్యలే. గందుకే ముడ్తలేదు. గీడ కూసొని మాటియ్యి."

లచ్చవ్వ కళ్లు మూతలు పడుతున్నాయి. ఎవరో ఆవలించారు, ఇంకెవరో తల తిరుగుతోందన్నారు. రాత్రి నిద్రలేక అనుకున్నారు. విమల ఒకరి రెక్క పట్టుకుని లాగింది, అతను విదిలించుకున్నాడు. ఇంకొకరిని లాగింది. మాట వినేలా లేరు, మోసుకుపోవడానికి ఆమెకు చేతులు రెండే. వాళ్లను అక్కడ కట్టిపడేసింది ఆ విస్తరాకు. అది ఉన్నంతసేపూ వాళ్లు కదలరు, దేవుడు దిగొచ్చి చెప్పినా కదలరు.

విమల బొంద ముందు మోకాళ్ల మీద కూలబడింది. మాటివ్వడానికే అనుకుని జనం సర్దుకున్నారు. ఆమె విస్తరాకును ముందుకు లాక్కుని, కూరా అన్నం కలిపి, పెద్ద ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఆమె రెండో ముద్ద మింగింది. నేల దగ్గర గాలి ఊపిరితిత్తుల్లోకి పోతుంటే కళ్ల ముందు మసకలు కమ్మాయి. అయినా మూడో ముద్ద కుక్కుకుంది. దొప్ప ఎత్తి కల్లు గటగటా తాగింది. బీడీ తీసి నోట్లో పెట్టుకుంది.

"తిన్నది!" రాజుబాయి కేక బొందల గడ్డంతా అదిరేలా లేచింది. "సచ్చినోని కూడు తిన్నదే! నీ నోట్ల మన్నువడ! నిన్ను పెంచినోని కూడు గదనే అది!"

లేచారు. ఒక్కరు కాదు, అందరూ లేచారు. శవం కూడు మనిషి తినడం ఏడేడు తరాల్లో ఎవరూ ఎరగరు. తల పట్టుకున్నవాళ్లు, ఆవలించినవాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు, అందరూ ఒక్కసారే. విమల చేతిలో మిగిలిన మెతుకులు వాళ్లకు కనబడేలా నోట్లో వేసుకుని, కట్ట వైపు పరుగెత్తింది. "తింట! ఇంక తింట! పట్టుకోండ్రి చూద్దాం!" అని అరుస్తూ పరుగెత్తింది.

మొదటి రాయి వీపున తగిలింది, రెండోది నుదురు చీల్చింది. రక్తం కంట్లోకి కారుతున్నా ఆమె ఆగలేదు. మధ్యలో వెనక్కి తిరిగి చూసింది, ఎవరైనా మిగిలారేమోనని. లచ్చవ్వ తూలుతోంది. "ముసల్దానా, నీ కూడు గూడ నేనే తింట!" అని అరిచింది. లచ్చవ్వ బూతులు తిడుతూ, మనవడి భుజం పట్టుకుని కట్ట ఎక్కింది. అందరికన్నా ముందు ఎక్కి వచ్చింది రాజుబాయి. వచ్చీ రాగానే చెల్లెలి జుట్టు పట్టుకుని చెంప మీద ఈడ్చి కొట్టింది. మళ్లీ కొట్టింది. విమల అడ్డుపెట్టుకోలేదు.

"ఇంకొకటి కొట్టక్కా" అంది రొప్పుతూ. "కొట్టి, కిందికి జూడు."

అందరూ చూశారు. అగరొత్తులు ఆరిపోయి ఉన్నాయి. వాగు అవతల నుంచి ఓ ఊరకుక్క విస్తరాకు వాసనకు వచ్చింది. మిగిలిన బొమికలు రెండు నాకింది. తల విదిలించింది. కాళ్లు తడబడి, ఒక చుట్టు తిరిగి, బొంద పక్కనే పడుకుంది. పడుకున్నది మళ్లీ లేవలేదు.

అప్పటిదాకా తాము కూర్చున్న చోటును అందరూ అలా చూస్తూ నిలబడ్డారు. లచ్చవ్వ మెల్లగా మనవడి తల నిమిరింది.

విమల ఫోను మోగింది. మురహరి. ఆమె స్పీకరు నొక్కి ఎత్తి పట్టుకుంది.

"యాభై నాలుగు దాటింది మేడమ్! కంగ్రాచ్యులేషన్స్! చైర్మన్ గారు మీతో మాట్లాడతారట. అన్నట్టు, అక్కడ మీవాళ్లు లేచారా?"

రాజుబాయి ఫోను లాక్కుంది. "లేచినం సారూ" అంది. "నేను బానయ్య పెండ్లాన్ని. మీ అంకెల మా ఆయన ఎంత ఉంటడు? ఒకటా, సగమా?"

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు.

రాజుబాయి కొంగు చింపి చెల్లెలి నుదుటికి గట్టిగా కట్టింది. కట్టేటప్పుడు ప్రేమగా ఏమీ కట్టలేదు, ముడి నొప్పి పుట్టేలా బిగించింది. "నీ పొర సంగతి, నీ సంగతి ఎనుక జూస్త. నిన్ను ఇడిసిపెడ్తననుకోకు. ముందుగాల ఆ ఫోన్ల సారు సంగతి జూడాలె. ఆ ఫ్యాను ఏడున్నదో నీకెర్కనా?"

"ఎర్కనే."

"మల్ల ముంగట నడువు."

బూడిద చెరువు కట్ట నేరుగా ప్లాంటు గేటుకే పోతుంది. విమల ముందు నడిచింది, పక్కన అక్క, వెనక కాలనీ. ఆమెను కొట్టడానికి ఏరుకున్న రాళ్లు ఇంకా అందరి చేతుల్లోనే ఉన్నాయి. ఒక్కరూ పారెయ్యలేదు.